ఫిల్టర్ మారింది, బండి దగ్గుతోంది

ఈ నెల మోటార్ సైకిళ్ళ గురించి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ తీసేసి, బయట దొరికే రంగురంగుల ఫిల్టర్ తగిలించడం. సెలవులొస్తే మా విజయవాడ ఆటోనగర్ షెడ్డులోనూ ఇదే గోల. అందుకని క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్ల వాళ్ళని వచ్చే నెలకి పంపించి, ఈసారి చోటంతా గాలికే ఇచ్చాను. ముప్పై అయిదేళ్ళుగా స్పానర్ పట్టుకున్న చేత్తో రాస్తున్నాను కాబట్టి అక్షరాలకి కాస్త గ్రీజు అంటితే సర్దుకోండి.

ప్రశ్న (నరసరావుపేట నుంచి): మేస్త్రీ గారూ, నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బొరేటర్ బండి. రెండు వారాల కిందట ఎయిర్ ఫిల్టర్ బాక్సు మొత్తం తీయించి, కార్బొరేటర్ మూతికి కోన్ ఫిల్టర్ పెట్టించాను. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఒక్కసారిగా రేజ్ ఇస్తే బండి గుటక వేసినట్టు ఆగి, ఆ తర్వాత లాగుతోంది. రేజ్ వదిలితే సైలెన్సర్లో టపాకాయలు పేలుతున్నాయి. ప్లగ్ విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్టినతను "నాలుగు రోజులు నడిపితే సెట్ అవుతుంది" అన్నాడు. అవుతుందా?

జవాబు: అవదు నాయనా. కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజులకి సర్దుకుంటుంది గానీ, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బొరేటర్లో జెట్టు సర్దుకోదు. అది పెట్రోలు రావడానికి ఇత్తడి ముక్కలో వేసిన చిల్లు. ఎన్ని కిలోమీటర్లు తిప్పినా దాని సైజు అంతే.

ముందు మీ ఇంజన్ ఎంత గాలి తాగుతుందో లెక్క కడదాం. 346 సీసీ. నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 2,000 గుటకలు, గుటకకి 346 మిల్లీలీటర్లు. మొత్తం 690 లీటర్లు దాటింది. మీ మేడ మీదున్న వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులో నీళ్ళకి బదులు గాలి ఉందనుకుంటే, నిమిషన్నర లోపల మీ బుల్లెట్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండదు కాబట్టి కాస్త తగ్గించుకోండి, అయినా తక్కువేం కాదు.

ఈ గాలికి తోడు పెట్రోలు కావాలి. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకైతే పదమూడున్నర కిలోల దగ్గరే సరిపోతుంది, ఎందుకంటే ఇథనాల్ తనలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది. దీని అర్థమేమిటంటే, పదేళ్ళ కిందటి పెట్రోలుకి కొలిచి వేసిన మీ జెట్టు ఫిల్టర్ మార్చకముందే కొంచెం అర్ధాకలితో ఉంది. దానిమీద మీరు గాలి దారి ఇంకా వెడల్పు చేశారు. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. దీన్నే మేం లీన్ అంటాం. లీన్ అయిన బండి గుటక వేస్తుంది, వేడెక్కుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది. రేజ్ వదిలినప్పుడు సిలిండర్లో అంటుకోని మిశ్రమం వేడి సైలెన్సర్లోకి వెళ్ళి అక్కడ పేలుతుంది. మీరు టపాకాయలు అంటున్నది అదే.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. సైడ్ స్టాండ్ వేసి, స్క్రూ డ్రైవర్తో క్లిప్పు వదులు చేసి ఆ కోన్ ఫిల్టర్ బయటికి లాగండి. కార్బొరేటర్ మూతిలోకి టార్చి కొట్టి చూడండి. పెద్ద రంధ్రం అంచున గుండుసూది తల అంత చిన్న చిల్లులు రెండు మూడు కనబడతాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. కొన్ని జెట్లకి గాలి అందించేవి, ఒకటి లోపల రబ్బరు డయాఫ్రమ్ కిందకి గాలి పంపేది. మీ కార్బొరేటర్లో గాలి దారిని తెరిచే తలుపు లాంటి స్లయిడ్ని కేబుల్ లాగదు. ఆ డయాఫ్రమ్ పైనా కిందా ఉన్న గాలి ఒత్తిడి తేడాయే దాన్ని పైకి లేపుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫిల్టర్ మూతి లోపలికి చూడండి. చవక రకం కోన్లలో రబ్బరు పెదవి లోపలికి మందంగా ఉంటుంది. అది వెళ్ళి సరిగ్గా ఆ చిల్లుల మీదే కూర్చుంటుంది. ఇక స్లయిడ్ లేవమన్నా లేవదు. మొన్న మా షెడ్డుకి వచ్చిన బుల్లెట్టుకి అప్పటికే వేరేచోట మూడు జెట్లు మార్చారు, ఫలితం లేదు. ఆ రబ్బరు పెదవిని బ్లేడుతో అర అంగుళం మేర కోసేస్తే సగం జబ్బు అక్కడికక్కడే పోయింది. మిగతా సగం జెట్టుది.

ఇంకో రెండు చోట్ల చూడండి. మీ ఇంజన్ నుంచి ఒక బ్రీదర్ పైపు పాత ఫిల్టర్ బాక్సులోకి వెళ్ళేది. బాక్సు తీసేశాక దాన్ని గాలిలో వేలాడేసి వదిలేసి ఉంటారు. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా ఆయిల్ ఆవిరి అందులోంచి బయటికొస్తుంది, పిస్టన్ పైకెళ్ళినప్పుడు అదే పైపులోంచి దుమ్ము లోపలికి పోగలదు. దానికి బొటనవేలంత చిన్న బ్రీదర్ ఫిల్టర్ దొరుకుతుంది, తగిలించండి. అంతేగాని బోల్టు పెట్టి బిగించేయకండి, ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళు కక్కుతాయి. రెండోది, కార్బొరేటర్కీ ఇంజన్కీ మధ్య రబ్బరు. బాక్సు ఊడదీసేటప్పుడు లాగిన లాగుడికి దానికి చీలిక వచ్చి ఉండొచ్చు. బండి ఐడిల్లో (రేజ్ ఇవ్వకుండా) పెట్టి ఆ రబ్బరు చుట్టూ సబ్బు నీళ్ళు కొద్దిగా జల్లండి. చప్పుడు మారితే గాలి అక్కడినుంచే దూరుతోంది.

నా సలహా అడిగితే పాత బాక్సు తెచ్చి పెట్టుకోండి. ఆ బాక్సు ఊరికే పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కాదు. ఇంజన్ గుటకకీ గుటకకీ మధ్య గాలి అటూ ఇటూ ఊగకుండా కాస్త నిలకడగా ఉండే గది అది. మీ కార్బొరేటర్ రకానికి ఆ నిలకడ చాలా అవసరం. కాదు, కోనే కావాలంటే వరస తప్పకుండా వెళ్ళండి. ముందు లీకులు చూడండి. తర్వాత ఐడిల్, కొద్దిపాటి రేజ్ సంగతి స్లో జెట్టుతో, మిక్స్చర్ స్క్రూతో సరిచేయండి. ఈ స్క్రూ ఇంజన్ వైపు ఉంటే విప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది, ఫిల్టర్ వైపు ఉన్న బళ్ళలో విప్పినకొద్దీ గాలి పెరుగుతుంది. ఇది తెలియక సగం మంది తిరగలి తిప్పినట్టు తిప్పుతారు. సగం రేజ్లో దగ్గు ఉంటే స్లయిడ్‌కి వేలాడే నీడిల్ (సూది) కింద అర మిల్లీమీటరు వాషర్ వేసి పైకెత్తండి. నిండా రేజ్‌కి పెట్రోలిచ్చే మెయిన్ జెట్టు ఆఖర్న. ఒక్కో సైజే పెంచండి, ఒక్కసారే నాలుగు సైజులు ఎగరకండి.

ప్రతి మార్పుకీ కొత్త ప్లగ్ పెట్టి, ఖాళీ రోడ్డు మీద నిండా రేజ్లో కొంత దూరం లాగించి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆఫ్ చేసి పక్కకి ఆపి, అక్కడే విప్పి చూడాలి. ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చి చూస్తే ఐడిల్ మసి కనబడుతుందే గాని అసలు రంగు తెలియదు. పింగాణీ అడుగున, లోపలికెక్కడో ఉంగరంలా కనబడే రంగే నిజం. మారీ బిస్కెట్ రంగు వస్తే ఆగండి. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. మైలేజీ పోతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా దొరికిపోతారు.

ప్రశ్న (జనగామ నుంచి ఒక టీచరు గారు): నాది స్ప్లెండర్. సర్వీసింగ్కి ఇచ్చినప్పుడల్లా కుర్రాడు ఎయిర్ ఫిల్టర్ తీసి కంప్రెసర్ గాలి కొట్టి శుభ్రంగా పెడతాడు. అయినా పికప్ తగ్గిందనిపిస్తోంది. బయట దొరికే ఖరీదైన ఫిల్టర్ వేయిస్తే మేలా?

జవాబు: మాస్టారూ, ఖరీదైనది అక్కర్లేదు, కంపెనీది కొత్తది వేయించండి చాలు. మీ ఫిల్టర్ కాగితాన్ని ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటుతుంది, చూశారా? అది మురికి కాదు. దుమ్ము అతుక్కోవడానికి కంపెనీయే పట్టించిన జిగురు నూనె. దానికి గాలి కొట్టకూడదు, కడగకూడదు. గాలి కొడితే మడతలు విచ్చుకుంటాయి, కాగితంలో కంటికి కనబడని చిరుగులు పడతాయి. శుభ్రం చేసినట్టు కనబడుతుంది, ఆ తర్వాత దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. మాన్యువల్లో రాసిన కిలోమీటర్లకి, మట్టి రోడ్డు ఎక్కువైతే ఇంకా ముందే, పాతది పారేసి కొత్తది. ఆ కుర్రాణ్ణి కోప్పడకండి, పదేళ్ళ పాటు నేనూ గాలి కొట్టినవాణ్ణే.

ప్రశ్న (చీమకుర్తి నుంచి): క్వారీలో పని. రోజూ పాతిక కిలోమీటర్లు రాతిపొడిలోనే తిరుగుతాను. బండి 150 సీసీ. ఫ్రెండ్ ఒకడు బాక్సులోనే పట్టే, కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించాడు. "జీవితాంతం మార్చక్కర్లేదు" అంటున్నాడు. నాకూ వేయించమంటారా?

జవాబు: మీకు మాత్రం వద్దంటాను. మీ ఊరి గెలాక్సీ గ్రానైట్ రాయి దేశదేశాల్లో నేల మీద మెరుస్తోంది గాని, దాని పొడి మీ సిలిండర్లో మెరిస్తే మీ జేబు ఖాళీ.

కాటన్ ఫిల్టర్ సంగతి ఇదీ: నూలు గుడ్డ పొరలు, రెండు వైపులా వైరు జాలీ, దానికి పట్టించిన నూనె. కాగితం కన్నా గాలికి అడ్డు తక్కువ. కానీ గాలిని తేలిగ్గా వదిలేది, సన్నటి పొడిని కూడా కాగితమంత గట్టిగా పట్టలేదు. తారు రోడ్డు మీద తిరిగేవాడికి ఆ తేడా అంతగా తెలియదు. మీకు తెలుస్తుంది. పొడి ఇంజన్ ఆయిల్లో కలిస్తే తయారయ్యేది ఏమిటో తెలుసా? వాల్వులు సానపెట్టడానికి మేం డబ్బాలో కొనుక్కునే పేస్టు లాంటిదే. వాల్వుకి రెండు నిమిషాలు రాస్తేనే లోహం అరిగి తళతళలాడుతుంది. అదే పేస్టు రింగులకీ సిలిండర్కీ మధ్య రోజంతా తిరుగుతుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ముందు ఆయిల్ తగ్గుతుంది, తర్వాత సైలెన్సర్లో నీలం పొగ, ఆ తర్వాత సిలిండర్ తొలిచే బోరింగు, ఓవర్‌సైజు పిస్టన్.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే పరీక్ష చేసుకోండి. ఫిల్టర్కీ కార్బొరేటర్కీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. దాని లోపలి గోడకి తెల్ల గ్రీజు చాలా పల్చగా, చూపుడువేలితో ఒక్క పూత పూయండి. ముద్దలు ఉండకూడదు, ఊడి లోపలికి పోతాయి. బిగించి ఒక వారం మీ దారిలోనే తిరగండి. విప్పి చూడండి. గ్రీజు పూసినప్పటిలా తెల్లగా ఉంటే ఫిల్టర్ పని చేస్తోంది. బూడిద రంగుకి తిరిగి, వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడితే, ఆ గరగర మీ ఇంజన్లోకీ వెళ్ళిందన్నమాటే. మీ ఫ్రెండు బండికి కూడా పూయండి. ఇద్దరూ పక్కపక్కన విప్పి చూసుకుంటే వాదనే ఉండదు. ఒక్కోసారి తప్పు ఫిల్టర్ది కాకుండా అంచుది కూడా అవుతుంది. బాక్సు గాడిలో సరిగ్గా కూర్చోని ఫిల్టర్ పక్క నుంచి దుమ్ము దర్జాగా పోతుంది. గ్రీజు మీద ఒక పక్కనే మురికి గీత పడితే అదే సంగతి.

ఇక "జీవితాంతం" అన్న మాట. ఫిల్టర్ జీవితాంతం ఉండొచ్చు, కానీ దాన్ని కడుగుతూ ఉండాలి. దానికని అమ్మే మందుతోనే, లోపలి నుంచి బయటికి, పంపు నీళ్ళు మెల్లగా వదిలి కడగాలి. పెట్రోలు వద్దు, కంప్రెసర్ వద్దు, ఎండలో వద్దు. నీడన పూర్తిగా ఆరాక ఫిల్టర్ నూనె పట్టించాలి. ఇంజన్ ఆయిల్ కాదు. నూనె పట్టించకుండా పెడితే అది ఫిల్టర్ కాదు, దోమతెర.

ప్రశ్న (వరంగల్ నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి): అంకుల్, నాది బీఎస్6 బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఎయిర్ ఫిల్టర్ ఏది పెట్టినా ఈసీయూ (బండిలోని చిన్న కంప్యూటర్) తనే అడ్జస్ట్ చేసుకుంటుందని యూట్యూబ్లో చూశాను. నిజమేనా? వారంటీకి ప్రాబ్లమా?

జవాబు: సగం నిజం, మరి ఆ రెండో సగమే ప్రమాదం. కొత్త పొగ నిబంధనల (బీఎస్6) ప్రకారం 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళలో సైలెన్సర్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. మామూలుగా, నిలకడగా పోతున్నప్పుడు అది పొగ వాసన చూసి "పెట్రోలు తక్కువైంది, కొంచెం పెంచు" అని ఈసీయూకి చెబుతూ ఉంటుంది. బాక్సులోనే పట్టే ఫిల్టర్ మార్చితే వచ్చే కొద్దిపాటి తేడాని అది సర్దేస్తుంది. కానీ నువ్వు నిండా రేజ్ తిప్పిన క్షణాన ఈసీయూ ఆ సెన్సర్ మాట పక్కన పెట్టి, కంపెనీ వాళ్ళు ముందే రాసి పెట్టిన పట్టిక చూసి పెట్రోలు కొడుతుంది. ఆ పట్టిక పాత బాక్సుకి రాసింది. బాక్సు పీకేసి కోన్ పెడితే, ఇంజన్ ఎక్కువ వేడెక్కే ఆ సమయంలోనే సర్దేవాడు ఉండడు.

ఇంకో మాట. కొన్ని బళ్ళలో లోపలికొచ్చే గాలి వేడిని కొలిచే సెన్సర్ ఆ బాక్సుకే ఉంటుంది. బాక్సు తీసినవాళ్ళు దాన్ని ట్యాగ్‌తో ఫ్రేముకి కట్టేస్తారు. అక్కడ ఇంజన్ సెగ తగిలి, గాలి చాలా వేడిగా ఉందని అది పొరపాటు కబురు పంపుతుంది. వేడి గాలి పల్చన కదా అని ఈసీయూ పెట్రోలు ఇంకా కోసేస్తుంది. ఆ పైన మీటర్లో పసుపు లైటు. వారంటీ ఉన్నంతకాలం బాక్సు జోలికి పోకు. గేరు మారేటప్పుడు వినబడే ఆ 'గుర్ర్' శబ్దానికి స్పీడు పెరిగినట్టు మనసుకి అనిపిస్తుంది. ఒకే రోడ్డు మీద, ఒకే ఫ్రెండుని వెనక కూర్చోబెట్టుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ముందూ తర్వాతా చూడు. చదివేది ఇంజనీరింగేగా.

ప్రశ్న (ఏలూరు నుంచి): మా నాన్నగారి యమహా ఆర్ఎక్స్100, 1991 మోడల్, బాగు చేయిస్తున్నాను. పాత ఫోమ్ ఫిల్టర్ పొడిపొడిగా రాలిపోయింది. ఫిల్టరే లేకుండా నడిపితే పికప్ ఎక్కువ ఉంటుందని అంటున్నారు. పాత రేసర్లు అలాగే చేసేవాళ్ళట కదా?

జవాబు: ఆ పాత రేసర్లలో ఒకణ్ణి నేనే. 1993లో నాకు ఇరవై రెండేళ్ళు. మచిలీపట్నంలో పెళ్ళికి మా బావ ఆర్ఎక్స్ తీసుకుని బయల్దేరాం. ముందు రోజు రాత్రి నేను పెద్ద తెలివిగా ఫోమ్ పీకేసి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో ఫిల్టర్ డబ్బాకి ఆరు చిల్లులు పెట్టాను. కంకిపాడు దాకా బండి గుర్రమే. వెనక కూర్చున్న బావ "ఒరేయ్ పర్లేదురోయ్" అని భుజం తట్టాడు. ఉయ్యూరు దాటాక చెరకు ట్రాక్టర్ని దాటేద్దామని నిండా రేజ్ ఇచ్చి అలాగే పట్టుకున్నాను. ముందు శబ్దం సన్నబడింది, ఎవరో ఈల వేస్తున్నట్టు. తర్వాత వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి రోడ్డు మీద నల్లగా గీత గీసింది. చెయ్యి దానంతటదే క్లచ్ మీదకి పోయింది కాబట్టి బతికాం. బావ పట్టు పంచె మాత్రం బతకలేదు.

మర్నాడు హెడ్ విప్పితే పిస్టన్ పక్కలు పిల్లి గోళ్ళతో గీరినట్టు నిలువునా గీతలు. గీతల్లో అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకి పూసుకుపోయింది, గోరుతో గీకితే రేకులు రేకులుగా ఊడింది. ఎందుకంటే, టూ స్ట్రోక్లో లోపలికొచ్చే పెట్రోలు చెమ్మే పిస్టన్ని చాలావరకు చల్లబరుస్తుంది. గాలి పెరిగి పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, చల్లదనం తగ్గుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప సిలిండర్ కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బి, చోటు చాలక అక్కడే అతుక్కుపోతుంది. ఫోర్ స్ట్రోక్ బండి లీన్ అయితే దగ్గి చెబుతుంది. ఆర్ఎక్స్ దగ్గదు. ఇంకా బాగా లాగుతున్నట్టు అనిపించి, అప్పుడు పట్టేస్తుంది.

కాబట్టి ఫోమ్ కొనండి. అదే ఆకారం, అదే మందం. కిరసనాయిల్‌తోనో సబ్బు నీళ్ళతోనో కడిగి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి పిండి, ఆరాక కాస్త ఆయిల్ పట్టించి మళ్ళీ పిండేయండి. ముట్టుకుంటే తడి తెలియాలి, చుక్క కారకూడదు. డబ్బా మూత రబ్బరు కూడా ముప్పై ఏళ్ళదే అయి ఉంటుంది, అదీ మార్చండి. ఇంజన్‌లోకి ఆయిల్ పంపే ఆటోల్యూబ్ పంపు పని చేస్తోందో లేదో చూడకుండా మాత్రం రోడ్డెక్కకండి. నాన్నగారి బండి, 1996తో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు మంచి సిలిండర్ దొరకాలంటే తిరగాలి.

ప్రశ్న (కాలిఫోర్నియా, ఫ్రీమాంట్ నుంచి): నమస్తే అండీ. మాది తెనాలి. ఇక్కడ సెకండ్ హ్యాండ్లో 2006 హార్లే స్పోర్ట్‌స్టర్ 883 కొన్నాను. ఎయిర్ క్లీనర్ మార్చే కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, నేనే బిగించుకుందామని ఉంది. లేబర్ చార్జీలు ఇక్కడ మామూలుగా లేవు. దేని గురించి జాగ్రత్త పడాలి?

జవాబు: మీరే బిగించుకోవచ్చు. ఆటోనగర్లో మీరడిగిన బండి నా చేతికి నాలుగైదు సార్లే వచ్చింది గాని, ఆ బండి ఎయిర్ క్లీనర్‌ది ఒక ప్రత్యేకత ఉంది, అది తెలుసుకుంటే చాలు. బయటి మూత, లోపల ఫిల్టర్ తీశాక వెనక ఒక ప్లేటు కనబడుతుంది. దాన్ని రెండు హెడ్‌లకీ పట్టి ఉంచేవి రెండు బోలు బోల్టులు. ఆ బోల్టులు రెండు పనులు చేస్తాయి. ఇంజన్ లోపలి ఆవిరి హెడ్‌లలోంచి వాటి గుండానే ఫిల్టర్‌లోకి వస్తుంది, అదే సమయంలో కార్బొరేటర్ బరువు వేలాడకుండా ప్లేటు ద్వారా పట్టుకునేవీ అవే. చవక కిట్లలో ఈ రెండో పనిని మరిచిపోతారు. అప్పుడు కార్బొరేటర్ రబ్బరు సీలు మీదే వేలాడుతుంది, వణుకుడికి కొన్నాళ్ళకి సీలు లీకవుతుంది. కాబట్టి కిట్‌లో హెడ్‌లకి తగిలే సపోర్టూ, బ్రీదర్ దారీ రెండూ ఉన్నాయా అని చూసి కొనండి.

బోల్టు మరలకి నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. బోలుగా ఉన్న దారిలోకి పోకూడదు. హెడ్ అల్యూమినియం, టార్క్ రెంచి లేకుండా బిగించకండి. మర పోతే మిగుల్చుకున్న లేబర్‌కి నాలుగింతలు కక్కాలి. బిగించాక ఫిల్టర్‌లో ఆయిల్ చెమ్మ కనబడితే కంగారు వద్దు, ముందు ఆయిల్ మట్టం చూడండి. ఎక్కువ పోసినా అక్కడే ఉమ్ముతుంది. మీది కార్బొరేటర్ ఆఖరి ఏడు, తర్వాతి ఏడు నుంచి ఆ స్పోర్ట్‌స్టర్లు ఇంజెక్షన్‌కి మారాయి. కాబట్టి జెట్టు మార్చే పని మీకు తప్పదు, పైన నరసరావుపేట జవాబు చదవండి. మీ కార్బొరేటరూ డయాఫ్రమ్ రకమే.

మీ రాష్ట్రంలో ఇంకో నిబంధన ఉంది. ఇలాంటి పార్టుకి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఈవో నంబరు (అనుమతి నంబరు) ఉండాలి. పెట్టె మీద చూసి కొనండి. అన్నట్టు, ఈ కడిగి వాడే కాటన్ ఫిల్టర్లకి ప్రపంచమంతా పేరు తెచ్చిన కేఅండ్‌ఎన్ కంపెనీ 1969లో పుట్టింది మీ రాష్ట్రంలోనే, రివర్‌సైడ్‌లో. కెన్, నార్మ్ అనే ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలే ఆ పేరు. మా దగ్గర అదే స్టిక్కర్ అతికించిన నకిలీలు కొట్టుకొట్టుకీ దొరుకుతాయి. విప్పితే లోపల నూలు ఉండదు, చీపురు పుల్లల రంగులో ఏదో స్పాంజి ఉంటుంది.

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక తల్లి): మా అబ్బాయి ఫిల్టరూ జెట్లూ అని ఆరు వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా? వానాకాలం వస్తోంది, మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి.

జవాబు: అమ్మా, మీ రెండో వాక్యమే మీ ప్రశ్నకి జవాబు. బాక్సు గాలి తీసుకునే మూతి సీటు కింద ఎత్తులో ఉంటుంది. కోన్ ఫిల్టర్ ఇంజన్ పక్కనే, చక్రం చిమ్మే నీళ్ళకి ఎదురుగా ఉంటుంది. అందులోంచి సిలిండర్‌లోకి నీళ్ళు పోతే, నీళ్ళు గాలిలా నలగవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బాబుకి రెండు టైర్లు కొనిపెట్టండి. వెనక టైరు గుండైపోయి ఉంటుంది, ఒకసారి రూపాయి బిళ్ళ గాడిలో పెట్టి చూడమనండి.